అన్న రిపోర్టులో టి(6;9) అని ఉంది, పిల్లలకి కూడా వస్తుందా?

ప్రశ్న (కావలి):
మా అన్నకి 42 ఏళ్లు. ఏఎంఎల్ (ఒకరకం రక్తకేన్సర్) అని తేలి నెల్లూరులో కీమో మొదలుపెట్టారు. ఇప్పుడు మూలుగ క్రోమోజోముల రిపోర్టు వచ్చింది: "46,ఎక్స్‌వై,టి(6;9)[18]/46,ఎక్స్‌వై[2]". చాలా అరుదు అన్నారు డాక్టరుగారు. రౌండ్స్ హడావిడిలో అంతకుమించి అడగలేకపోయాం. వదిన పిల్లల్ని పట్టుకుని ఏడుస్తా ఉంది. ఇది వంశంలో వచ్చేదేనా? తెలిసినోళ్లు చెప్పండబ్బా.

జవాబు (ఒంగోలు, ల్యాబులో పనిచేస్తాను):
తమ్ముడూ, ముందు వదినకి చివర్లో ఉన్న ఆ [2] చూపించు. 20 కణాలు చూశారు. 18 కణాల్లో 6వ, 9వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి, రెండు మామూలుగానే ఉన్నాయి. పుట్టుకతో ఉన్న మార్పైతే 20లోనూ కనపడాలి. ఇది మీ అన్న మూలుగలో మధ్యలో పుట్టిన మార్పు. పిల్లలకి దీన్నుంచి రాదు, ధైర్యంగా చెప్పు.

అరుదన్న మాట నిజం. ఏఎంఎల్ ఉన్నవాళ్లలో నూటికి ఒక్కరిలో కనపడుతుంది. మొండి రకమే, దాచను. కీమో ఒక్కదానితో వదిలేస్తే చాలామందిలో మళ్లీ తిరగబెడుతుంది. అందుకే జబ్బు అదుపులోకి రాగానే మూలుగ మార్పిడి చేయమంటారు. ఇంకోటి, దీంతోపాటు ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు తరచుగా ఉంటుంది. ఆ పరీక్ష పంపారా లేదా రేపే అడుగు. ఉంటే కీమోతోపాటు మిడోస్టారిన్ లాంటి మాత్రలున్నాయి.

ప్రశ్న (కావలి):
పంపలేదంట అక్కా, రేపు పంపుతామన్నారు. మార్పిడికి ఎవరు ఇవ్వాలి?

జవాబు (ఒంగోలు):
తోడబుట్టినోళ్లు ముందు. ఒక్కొక్కరు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. నువ్వు, మీ అక్కచెల్లెళ్లు హెచ్ఎల్ఏ పరీక్షకి (మూలుగ కలుస్తుందో లేదో చూసేది) ఇప్పుడే రక్తం ఇవ్వండి, కీమో అయ్యేదాకా ఆగొద్దు. ఎవరూ కలవకపోయినా సగం కలిసే పిల్లలతోనూ ఇప్పుడు చేస్తున్నారు.

జవాబు (గూడూరు):
మా బావకి రాయవేలూరు సీఎంసీలో చేయించాం. 1986 నుంచి చేస్తున్నారంట అక్కడ. నెల్లూరులో రైలెక్కితే కాట్పాడిలో దిగొచ్చు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకో, రిపోర్టులన్నీ జెరాక్స్ పెట్టుకో.

జవాబు (ఒంగోలు):
అవును. మళ్లీ క్రోమోజోములకి మూలుగ తీస్తే ఆకుపచ్చ మూత గొట్టంలోనే పంపమను, ఐసులో గడ్డకట్టనివ్వొద్దు. కణాలు బతికి ఉంటేనే ల్యాబులో పెరుగుతాయి. శనివారం సాయంత్రం తీస్తే ఆదివారం ఎక్కడో ఆగిపోతుంది, వారం మొదట్లో తీయమని అడుగు.