ఉమ్మడి పరిశోధన ఒప్పందంలో "సగం సగం" అంటే ఎవరికెంత?

ప్రశ్న: అంబత్తూరు అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను చెన్నై శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో తొమ్మిదేళ్లుగా మెకానికల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. అంబత్తూరు పారిశ్రామికవాడలో అల్యూమినియం డైకాస్టింగ్ (కరిగించిన లోహాన్ని అచ్చుల్లోకి నెట్టి భాగాలు పోతపోయడం) చేసే ఒక చిన్న కంపెనీతో కలిసి మేము పరిశోధన చేస్తున్నాము. పోతపోసిన భాగాల లోపల ఏర్పడే బొక్కలను (అక్కడ అందరూ బ్లోహోల్స్ అంటారు) ఎక్స్‌రే చిత్రాలను బట్టి కంప్యూటరే గుర్తుపట్టేలా చేయడం మా పని. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఎనిమిది నెలలుగా వారానికి రెండు రోజులు ఆ షెడ్డులోనే గడుపుతోంది.

ఇంతవరకూ మా మధ్య ఉన్నది శాలువాలు కప్పుకుని, ఫొటోలు దిగి సంతకాలు చేసిన రెండు పేజీల ఎంఓయూ (అవగాహన పత్రం) మాత్రమే. ఫలితాలు కనబడడం మొదలయ్యాక కంపెనీవారు అసలు ఒప్పందం ముసాయిదా పంపారు. పేటెంట్ వస్తే చెరి సగం అని, రెండేళ్లపాటు ఎక్కడా ఏమీ ప్రచురించరాదని, ఎక్స్‌రే చిత్రాలూ, బొక్క ఎక్కడుందో చూపుతూ వాటి మీద పెట్టిన గుర్తులూ పూర్తిగా కంపెనీవేనని అందులో ఉంది. "సగం ఇస్తామంటున్నారు కదా, ఇంకేం కావాలి?" అని మా ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఆ చిత్రాల మీద గుర్తులు పెట్టింది ఇన్‌స్పెక్షన్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న నెల్లూరు పెద్దాయన. మచ్చ అంచు గుండ్రంగా, నున్నగా ఉంటే "ఇది గాలి అమ్మా" అంటారు. చిరిగిన గుడ్డ అంచులా ఉంటే లోహం చల్లారేటప్పుడు కుదించుకుపోయిన చోటని చెబుతారు. మా ప్రోగ్రామ్ నేర్చుకున్నదంతా ఆయన కన్ను నేర్పినదే అయినా, ముసాయిదాలో ఆయన ప్రస్తావన ఒక్క ముక్క లేదు. ఈ ఒప్పందం మీద సంతకం చేయవచ్చా?

జవాబు 1: గిండీ పేటెంట్ గుమాస్తా

గిండీలోని పేటెంట్ కార్యాలయం చుట్టూ చాలా ఏళ్లుగా తిరుగుతున్నవాణ్ణి కనుక ముందు ఆ "సగం" సంగతి చెబుతాను. మన 1970 పేటెంట్ల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉమ్మడి యజమానులలో ఎవరికి వారు ఆ ఆవిష్కరణను సొంతంగా వాడుకోవచ్చు. వచ్చిన లాభానికి రెండోవారికి లెక్క చెప్పవలసిన అవసరం లేదు. కానీ మూడోవారికి లైసెన్సు ఇవ్వాలన్నా, తమ వాటా బదలాయించాలన్నా మాత్రం రెండోవారి అంగీకారం కావాలి. కంపెనీకి ఫ్యాక్టరీ ఉంది కాబట్టి రేపటి నుంచే వాడుకుంటుంది. మీ కళాశాలకు కొలిమి లేదు, అచ్చులు లేవు. లైసెన్సు ఇచ్చుకోవడం ఒక్కటే మీరు చేయగల పని, దానికి తాళంచెవి అవతలివారి చేతిలో ఉంటుంది. కాగితం మీద సగమే గానీ, చేతికి వచ్చేది సున్నా. సగం అనే మాట ఉంచుకున్నా ఫరవాలేదు, కానీ కంపెనీ వాడుకున్నప్పుడు కళాశాలకు ఎంత చెల్లించాలో, డైకాస్టింగ్ కాని రంగాలలో లైసెన్సు ఇచ్చే హక్కు ఎవరిదో పక్కనే రాయించండి.

అసలు పేటెంట్ వస్తుందా అన్నది మరో ప్రశ్న. అదే చట్టంలోని 3(కె) సెక్షన్ ప్రకారం గణిత పద్ధతులకు, అల్గారిథమ్‌లకు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అనదగిన వాటికి పేటెంట్ రాదు. యంత్రంతో ముడిపడిన సాంకేతిక ఫలితం చూపగలిగితే వాదించవచ్చు గానీ, ఆ దారి పొడుగైనది. నా అంచనాలో మీ పనికి ఉన్న విలువలో ఎక్కువ భాగం గుర్తులు పెట్టిన ఆ చిత్రాలలోనే ఉంది, దాన్ని వారు మూడో అంశంలో చడీచప్పుడు లేకుండా తీసేసుకున్నారు. మీరు బేరమాడవలసింది అక్కడ.

జవాబు 2: విశ్రాంత ఆచార్యుడు, అడయార్

పై మిత్రుడు చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను. నాకు మాత్రం ఆ అమ్మాయి గురించి దిగులుగా ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనలు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానికి ముందు పరిశోధన పత్రం ప్రచురించి తీరాలన్న షరతును తొలగించాయన్నది నిజమే గానీ, చాలా విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. పైగా సిద్ధాంత గ్రంథం ప్రతి, ఎవరైనా చదవగల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగకు చేరాలి, మౌఖిక పరీక్షకు ఇతర పరిశోధకులూ విద్యార్థులూ వచ్చి కూర్చోవచ్చు. రెండేళ్లు నోరు విప్పరాదన్న షరతు కింద ఆమె పట్టా ఎలా తీసుకుంటుందో ఆ ముసాయిదా రాసిన లాయరు ఆలోచించి ఉండరు.

కంపెనీ భయంలోనూ న్యాయం ఉంది. దరఖాస్తుకు ముందే పత్రం బయటికి వస్తే ఆవిష్కరణ కొత్తదనం పోయి పేటెంట్ రాకుండా పోతుంది, మన చట్టంలో దానికి మినహాయింపులు చాలా ఇరుకైనవి. మధ్యేమార్గం ఒకటుంది. పత్రం పంపే ముందు కంపెనీకి చూపించాలి, వారు 60 రోజులలో అభ్యంతరం చెప్పాలి, ఆలోగా కావలసివస్తే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేసుకోవాలి, గడువులో జవాబు రాకపోతే సమ్మతించినట్టే లెక్క అని రాయించండి. ప్రొవిజనల్ వేసిన తేదీ నుంచి పూర్తి వివరణ దాఖలు చేయడానికి 12 నెలలు ఉంటాయి కనుక ఎవరికీ నష్టం లేదు. సిద్ధాంత గ్రంథం సమర్పణను ఏ కారణంతోనూ ఆపరాదన్న వాక్యం విడిగా ఉండాలి. నేనైతే అది లేనిదే సంతకం పెట్టను. ఆమె కళాశాల ఉద్యోగి కాదు కాబట్టి, తాను రాసిన ప్రోగ్రామ్ మీద కాపీరైటు ఆమెదే అనే వాదన కూడా నిలబడవచ్చు. ఒప్పందంలో ఆమెను మూడో పక్షంగా చేర్చి, చదివించి సంతకం తీసుకోండి.

ఈ పరిశోధనకు కంపెనీ డబ్బు ఇస్తుంటే, దాని మీద జీఎస్టీ గురించి మీ అకౌంటెంటును ఇప్పుడే అడగండి. 2024 అక్టోబరు నుంచి కొన్ని అర్హత గల సంస్థలు గ్రాంటుతో చేసే పరిశోధనకు మినహాయింపు వచ్చింది. కన్సల్టెన్సీ అని రాసుకుంటే మాత్రం 18 శాతం తప్పదు.

జవాబు 3: బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

పెద్దాయన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. మా ఊళ్లోని ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థలో) 1974లో అమూల్య రెడ్డి గారు గ్రామాలకు పనికొచ్చే సాంకేతికత కోసం 'అస్త్ర' అనే విభాగాన్ని మొదలుపెట్టారు. తుమకూరు జిల్లా పురా గ్రామంలో వారు పేడతో నడిచే ఊరుమ్మడి గ్యాస్ ప్లాంటు కట్టినప్పుడు, ఇళ్లకు వంటగ్యాస్ ఇవ్వాలన్నది మొదటి ఆలోచన. పేడ సరిపోలేదు. తీరా ఊరివారితో కూర్చుంటే వారికి ముందుగా కావలసింది తాగునీరని తేలింది. 1987 నుంచి ఆ గ్యాస్‌తో ఇంజను నడిపి నీళ్లు తోడారు, ఇళ్లకు దీపాలు ఇచ్చారు, పేడ తెచ్చినవారికి తూకం వేసి డబ్బిచ్చారు. పరిశోధన ప్రశ్నే మారిపోయింది. మీ పెద్దాయనకు వాటా ఎంత అన్న లెక్క తర్వాత చూడవచ్చు. ఆయన పనిలో అసలు ఇబ్బంది ఏమిటో ఆయన్ను ఎవరైనా అడిగారా?

మళ్లీ అంబత్తూరు అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. చివరి ప్రశ్న చదివి సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఎనిమిది నెలలలో మేము అడగలేదు. మొన్న శనివారం టీ తాగుతూ అడిగితే, మచ్చ కనిపెట్టడం తనకు క్షణం పని అని, రోజులో సగం పొద్దు దాన్ని అంగీకరించవచ్చా లేదా అని కొనుగోలుదారుల మనుషులతో ఫోన్‌లో వాదించడానికే పోతోందని చెప్పారు. ఏ మచ్చను ఎందుకు అంగీకరించామో కారణంతో సహా దాచిపెట్టి, పాత చిత్రాలను పక్కన చూపే ఏర్పాటు ఆయనకు కావాలట. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక అధ్యాయం దానికే కేటాయించింది.

కంపెనీ 60 రోజుల గడువుకు, సిద్ధాంత గ్రంథం వాక్యానికి ఒప్పుకుంది. చిత్రాల విషయంలో ఇంకా లాగుతున్నారు. విడిభాగాల నంబర్లు చెరిపేసి పరిశోధనకూ బోధనకూ వాడుకోనిస్తే చాలని అడిగాము. లైసెన్సు సొమ్ము వస్తే గుర్తులు పెట్టినవారికి అందులో కొంత ఇవ్వాలన్న వాక్యాన్ని మా ప్రిన్సిపాల్ గారే స్వయంగా చేర్చడం నాకు ఆశ్చర్యం కలిగించింది. పత్రంలో పేరు వేస్తామంటే పెద్దాయన ఒక్కటే కోరారు. కంపెనీ రికార్డుల్లో ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరమే ఉందట, ఇందులోనైనా ఇంటిపేరు పూర్తిగా వేయమన్నారు.