ఇంట్లో పాత మిలిటరీ కత్తి ఉంది. ధర కత్తికా, కథకా?

వనపర్తి వాసి: ఏటా దసరాకు జమ్మికి పోయే ముందు పూజలో పెట్టే కత్తి ఇది. ఇప్పుడు పంపకాల్లోకి వచ్చింది. పిడికి మూడు ఇనుప కమ్ములు, చేపతోలు మీద తీగ చుట్టు. కత్తి మీద విల్కిన్సన్ అని ఇంగ్లండ్ కంపెనీ పేరు, మొద్దు అంచు మీద ఏవో అంకెలు. మా ముత్తాత నిజాం గుర్రపు దళం లాన్సర్లలో ఉండి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా దగ్గర జరిగిన పోరులో వాడిండని ఇంట్లో చెప్తారు. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోటో చూసి ముప్పై వేలన్నాడు. మా బాబాయి కొడుకేమో పాలిష్ పెట్టిస్తే కోటి అంటున్నాడు.

చౌటుప్పల్ అన్న: ముప్పై వేలకు ఇస్తే తర్వాత నెత్తి కొట్టుకుంటారు. 2023 మేలో లండన్ వేలంలో టిప్పు సుల్తాన్ కత్తి 1.4 కోట్ల పౌండ్లకు పోయింది. కథ ఉన్న కత్తికే ధర!

పాత ఇనుము: అన్నా, టిప్పును అడ్డం పెట్టుకుంటే ఊళ్లో ప్రతి కత్తీ కోటిదే. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఆ కత్తిని బ్రిటిష్ సైన్యం తన జనరల్ డేవిడ్ బైర్డ్‌కు బహూకరించింది. అది రాతలో ఉంది. కొన్నవాడు డబ్బు పెట్టింది ఆ రాతకు.

వనపర్తి తమ్ముడూ, మీకున్న రాత ఆ అంకెలే. విల్కిన్సన్ వాళ్లు 1854 నుంచి అధికారుల కత్తులకు నంబర్లు వేసి రిజిస్టర్లో ఎక్కించేవారు. దాంతో ఏ ఏడు తయారైందో తెలుస్తుంది, ఒక్కోసారి కొన్నవాడి పేరు కూడా. ఇక్కడే మీ కథకు చిక్కు. అలాంటివి ఎక్కువగా అధికారులు సొంత డబ్బుతో కొనుక్కున్నవి. మామూలు సవారుకు, అంటే గుర్రపు సిపాయికి, సర్కారు ఇచ్చే కత్తి వేరు, దాని మీద ముద్రలుంటాయి. మీ ముత్తాత సవారా, లేక రిసాల్దారా, అంటే దళంలో అధికారా? ఇంకో మాట. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ వాళ్లది అదే 15వ బ్రిగేడ్, నిజమే, కానీ ఆ దాడి పేరు చెప్పి ధర పెంచితే తెలిసినవాడు నవ్వుతాడు.

పాలిష్ అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. కత్తి మీద సన్నగా పూలతీగల మధ్య రాజముద్ర ఉంటుంది, చూడండి. వీఆర్ అయితే విక్టోరియా కాలం, అంటే 1901 లోపు. ఈఆర్ అయితే ఎడ్వర్డ్ రాజు కాలం, 1910 లోపు. జీఆర్ అయితే జార్జ్ రాజుల కాలం, ఆ తర్వాత. ఎమరీ కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే ఆ అక్షరాలు మాయం, ధరలో సగం గాలికి. దసరాకు దాంతో నిమ్మకాయ కోస్తున్నారా? ఆ రసం తుడవకుంటే తెల్లారేసరికి నల్ల మరక.

గద్వాల టీచరమ్మ: కాగితం, కాగితం అంటారు. అది ఎవరి ఇంట్లో ఉంటుంది సార్? అధికారి ఇంట్లో. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు పోయిన సిద్దీ (ఆఫ్రికా మూలాల) సవార్ల సంతతి హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీలో ఇప్పటికీ ఉంది. వాళ్లకు మిగిలింది మాటే. మాటకు విలువ లేదంటే మన చరిత్ర సగం తీసేయాల్సిందే.

పాత ఇనుము: చరిత్రకు విలువ లేదనలేదమ్మా, కొనేవాడు దానికి డబ్బివ్వడన్నా. అయినా సవారు ఇంట్లో కూడా రాత ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం పతకాల అంచు మీద మనిషి పేరు, నంబరు, దళం కొట్టి ఉంటాయి. పతకం, కత్తి కలిసి ఉంటే లెక్కే వేరు.

దేవరకొండ లాయర్: వందేళ్లు దాటితే 1972 చట్టం కింద అది పురావస్తువు. సొంతంగా విదేశాలకు పంపి అమ్మడం కుదరదు. ఆ వ్యాపారం చేసేవాడికి లైసెన్స్ ఉండాలి. ముప్పై వేలన్న పెద్దమనిషిని ముందు అది చూపించమనండి.

వనపర్తి వాసి: లైసెన్స్ అడిగిన, ఫోన్ ఎత్తుతలేడు. ముత్తాత సవారేనట. పతకం ఉండేదట గానీ వెండిదని మా మేనత్త పెళ్లప్పుడు కరిగించి పట్టీలు చేయించారట.

గద్వాల టీచరమ్మ: అయ్యో! పట్టీలన్నా ఉన్నాయా?

పాత ఇనుము: ఇక నంబరే దిక్కు. తుప్పు గోకొద్దు. మెత్తటి గుడ్డతో మిషన్ ఆయిల్ రాసి, ఓ పూట ఉంచి తుడవండి. లైటు పక్కనుంచి పడేలా పెట్టి మొద్దు అంచు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఒర కూడా, సొట్టలతో సహా.