సీతాకోకచిలుక సరే, దాని అసలు పేరేంటి?

మా అక్క కూతురు అమెరికాలో చదువుకుంటోంది. నిన్న ఒక ఫోటో పంపింది. నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్లటి నరాలు, అంచుల్లో తెల్లచుక్కలు. "మామయ్యా, ఇది మన జిల్లేడు మొక్కల దగ్గర తిరిగేదే కదా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. సీతాకోకచిలుక అన్నాను. "అది తెలుసులే మామయ్యా, దీన్ని ఏమంటారు?" అంది. ఏం చెప్పను?

పిట్టల్ని చూడండి, పాలపిట్ట, గిజిగాడు, వడ్రంగిపిట్ట, జెముడుకాకి. పాముల్లో కట్లపాము, జెర్రిపోతు, రక్తపింజరి. ఆఖరికి వానాకాలంలో కనిపించే ఎర్రటి మఖమల్ పురుక్కి కూడా కార్తె పేరు కలిపి ఆరుద్రపురుగు అని పెట్టుకున్నాం. సీతాకోకచిలుకలు మాత్రం మన దేశంలో 1,300 పైచిలుకు రకాలున్నా (ఈ పైచిలుకు కావాలని రాయలేదు) అన్నిటికీ కలిపి ఒకటే పేరు. కట్లపామో కాదో తెలియకపోతే ప్రాణం పోతుంది, సీతాకోకచిలుక ఏదో తెలియకపోయినా పోయేదేం లేదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదేమో.

రెండు సంగతులు అడుగుతున్నాను. అసలు ఈ మాట ఎలా పుట్టింది? విడివిడి రకాలకు తెలుగు పేర్లు ఎవరైనా విన్నారా, వినకపోతే ఎలా పెట్టుకోవాలి?

*

పదం సంగతి ముందు చూద్దామండీ. సీతమ్మవారి కోకలా రంగురంగులుగా ఉండే చిలుక అని అందరం చెప్పుకునే అర్థమే. వ్యాకరణం పట్టుకుని కూర్చుంటే మాత్రం కోక తెలుగు మాట కాబట్టి దాని ముందు 'సీత' అని పొట్టిగానే ఉండాలి, సీతమ్మ, సీతయ్య అన్నట్టు. ఆ దీర్ఘం సీతాపతి, సీతాస్వయంవరం లాంటి సంస్కృత సమాసాల్లో వచ్చేది. ఇక్కడికెలా వచ్చిందంటే, జనం నోట్లో అలా పలికింది కాబట్టి వచ్చింది, అంతే. సంస్కృతంలో కోకం అంటే చక్రవాకం, కాబట్టి కోక అంటే ఇక్కడ చీర కాదు పక్షి అని వాదించిన పెద్దమనిషి నాకు ఒకాయన తగిలాడు. అప్పుడు చక్రవాకం ఒకటి, చిలుక ఒకటి, రెండు పక్షులు కలిసి ఒక పురుగు అవుతాయి! వద్దులెండి.

నాకు అసలు ముడి అంతా 'చిలుక' దగ్గరే. ఆకుపచ్చ పక్షికీ దీనికీ ఏం పోలిక? ఎగిరేది, ముద్దొచ్చేది, అందుకని చిలుక అన్నారని ఊరుకోవచ్చు. కానీ తమలపాకు మడిచి చుడితే దాన్నీ చిలకే అంటాం కదా, తాంబూలపు చిలకలు. రెక్కలు రెండూ పైకి దగ్గరగా మూసుకుని పువ్వు మీద వాలిన సీతాకోకచిలుకను పక్కనుంచి చూడండి, మడిచిన ఆకులాగే ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, ఏ నిఘంటువులోనూ చూసి చెప్పడం లేదు, ఎవరూ పరీక్షల్లో రాయొద్దు.

ఇంకోటి. ఇది పుట్టినప్పుడు గొంగళిపురుగు, పెరిగాక సీతాకోకచిలుక. చిన్నప్పుడు గొంగళి కప్పుకుని, పెద్దయ్యాక కోక కట్టుకుంటుంది. రెండు పేర్లూ బట్టల మీదే ఉన్నాయని చాలామంది గమనించరు. దీని చుట్టం పట్టుపురుగైతే ఏకంగా బట్టకే దారం ఇస్తుంది.

*

మరాఠీవాళ్లు కూడా దీన్ని పక్షి కిందే లెక్కేశారు, ఫుల్‌పాఖరూ అంటారు, పూలపిట్ట అన్నమాట. తమిళంలో వణ్ణత్తుప్పూచ్చి, రంగుల పురుగు. బెంగాలీలో ప్రజాపతి! మనకు ఆ మాట వింటే బ్రహ్మదేవుడు గుర్తొస్తాడు. మలయాళంలో పూంబాట్ట అంటారు, చిత్రశలభం అని కూడా అంటారు. కానీ శలభం మనం తెచ్చుకోలేం, తెలుగులో శలభం అంటే దీపంలో పడి కాలిపోయేదే, ఎన్ని పద్యాల్లో కాల్చామో దాన్ని.

రాత్రిపూట దీపం చుట్టూ తిరిగేవాటికి మనకు తిన్నగా ఒక్క పేరు లేకపోవడం ఇంకో తలనొప్పి. చిమ్మట అని పుస్తకాల్లో రాస్తారు, తెలుగు బైబిల్లో బట్టలు కొట్టేసే చిమ్మెట ఉంది, మా ఇంట్లోనేమో చిమ్మట అంటే చీకట్లో కీచుమని అరిచేది. ఎవరిది తప్పు అనలేం. పోల్చుకోవడానికి మాత్రం గుర్తు సులువే: సీతాకోకచిలుక మీసం కొసన చిన్న గుండు ఉంటుంది, అగ్గిపుల్లలాగా. రెండోదాని మీసం దారంలాగానో ఈకలాగానో ఉంటుంది.

*

ఫోటోలోది మోనార్క్ అండీ, చూడగానే తెలిసిపోతోంది. మన జిల్లేడు దగ్గర తిరిగేది అది కాదు, దాని చుట్టం, ఇంగ్లిష్‌లో ప్లెయిన్ టైగర్. రెండూ డానాయస్ అనే ఒకే ప్రజాతి. మనదాని నారింజ రంగు మీద నల్ల నరాలు అంతగా కనబడవు, ముందు రెక్కల కొసలు నల్లగా ఉండి వాటిలో తెల్ల పట్టీ ఉంటుంది. నల్ల నరాలు కొట్టొచ్చినట్టు కనిపించే స్ట్రైప్డ్ టైగర్ కూడా మన దగ్గర ఉంది, మోనార్క్ అనుకుని జనం పొరబడేది దాన్ని చూసే.

పేర్ల సంగతికి వస్తే, దయచేసి ఇంగ్లిష్ పేర్లను తెలుగు చేయకండి. లైమ్ బటర్‌ఫ్లైని ఒకచోట 'సున్నపు సీతాకోకచిలుక' అని రాశారు, అది నిమ్మ అండీ బాబూ! సైలర్‌ను నావికుడు అంటారు, అది నావికుడు కాదు, తెరచాపలాగా రెక్కలు చాచి తేలిపోతుందని ఆ పేరు, స్పెల్లింగే వేరు. కామన్ మోర్మన్ అయితే మరీ. అమెరికాలో ఒకప్పుడు బహుభార్యత్వం ఉన్న ఒక మత శాఖ పేరది, ఈ జాతిలో ఆడది మూడు రకాల వేషాల్లో కనిపిస్తుంది కాబట్టి మగదానికి మూడు రకాల పెళ్లాలున్నట్టుందని సరదాకి పెట్టారు. దాన్ని తెలుగులో ఏమని అనువదిస్తారు? శాస్త్రీయ నామాల్లోనూ ఇంతే, జీవులకు ఆ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో ట్రాయ్ యుద్ధంలో వీరుల పేర్లు వరసగా పెట్టుకుంటూ పోయాడు, క్రిమ్సన్ రోజ్ అనేదానికి హెక్టర్ అని పెట్టింది ఆయనే. ఆయన పురాణం ఆయన వాడుకున్నాడు. మనం సీతమ్మ కోక అన్నందుకు ఎవరూ నవ్వక్కర్లేదు.

నా మాట ఏంటంటే, అది గుడ్లు పెట్టే మొక్క పేరు పెట్టండి. తేనె కోసం ఏ పువ్వు మీదైనా వాలుతుంది, గుడ్లు మాత్రం పిల్లలు తినే మొక్క మీదే పెడుతుంది. మలయాళంవాళ్లు ప్లెయిన్ టైగర్‌ను ఎరిక్కుతప్పి అంటారు, జిల్లేడును వెతుక్కునేది అని. ఎంత బాగుందో చూడండి. మనం జిల్లేడు చిలుక అందాం. మోనార్క్ గుడ్లు పెట్టే మిల్క్‌వీడ్ కూడా జిల్లేడు కుటుంబమే, తుంచితే అలాగే పాలు కారతాయి, ఆ పాలలోని విషమే గొంగళిపురుగు ఒంట్లో చేరి పిట్టలు తినకుండా కాపాడుతుంది. అంటే ఆ పేరు అమెరికాలో కూడా చెల్లుతుంది. మీ కోడలికి 'అమెరికా జిల్లేడు చిలుక' అని చెప్పేయండి. చలికాలానికి 4,000 కిలోమీటర్ల దాకా ఎగిరి మెక్సికో కొండల్లోకి పోయేది ఇదే.

*

పై జవాబు బాగుంది కానీ ఒక్క మొక్కకు ఒక్క సీతాకోకచిలుక అయితే కదా. నిమ్మ, కరివేపాకు మీద లైమూ పెడుతుంది, మీరు చెప్పిన మోర్మనూ పెడుతుంది. నిమ్మచిలుక ఏది మరి?

*

నలుపు మీద పసుపు మచ్చలున్నది నిమ్మచిలుక. మగ మోర్మన్ నల్లగా ఉండి వెనక రెక్కల మీద తెల్లచుక్కలు ఒక వరసలో ఉంటాయి కాబట్టి నల్ల నిమ్మచిలుక. మలయాళంలో కూడా ఇలాగే చేశారు, ఒకటి నారకశలభం, ఇంకోటి నారకకాళి. నారకం అంటే నిమ్మ నారింజ జాతి.

ఆడ మోర్మన్ దగ్గరే తమాషా అంతా. ఒక రకం మగదానిలాగే ఉంటుంది, ఇంకో రెండు రకాలు విషమున్న కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్‌ల వేషం వేస్తాయి, రెక్కల మీద ఎర్రమచ్చలతో సహా. పోల్చుకోవాలంటే రెక్కలు వదిలేసి ఒళ్లు చూడాలి, అసలువాటి ఒంటి మీద ఎరుపు ఉంటుంది, దొంగవాటి ఒళ్లు నల్లగా ఉంటుంది. అప్పటికీ అనుమానముంటే ఆగి చూడండి, అసలువి ఈశ్వరి తీగ మీద గుడ్లు పెడతాయి, దొంగది కరివేపాకు దగ్గరికి పోతుంది. చీర మార్చినా పుట్టిల్లు మార్చలేదు. మొక్క పేరు పెట్టమని నేను మొత్తుకునేది ఇందుకే, పేరులోనే గుర్తు దొరుకుతుంది.

జిల్లేడు చిలుకకూ ఇలాంటి దొంగ ఉంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లైలో ఆడది అచ్చం దానిలాగే ఉంటుంది, వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటే అసలుది, ఆ చుక్కలు లేకపోతే దొంగది. ఇది జిల్లేడు జోలికే పోదు, నేలమీద పాకే గంగవాయిలి కూర మీద గుడ్లు పెడుతుంది. దాని మగవాడేమో నల్లటి రెక్కల మీద నీలం అంచున్న తెల్లటి పెద్ద మచ్చలతో, ఇద్దరూ ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. గంగవాయిలి చిలుక అంటే ఇద్దరికీ సరిపోతుంది.

ఇంకో పేరు కూడా ఇప్పుడే పడేస్తా, పడి ఉంటుంది. రెక్కల అడుగున పసుపు, అంచున ఎర్రచుక్కలతో చెట్ల కొమ్మల పైన ఎగురుతుందే, జెజెబెల్, దాని పిల్లలు చెట్ల కొమ్మల మీద పెరిగే బదనిక మొక్క తింటాయి. బదనిక చిలుక. మలయాళంలో దాన్ని విలాసిని అంటారు, నిజం చెప్పాలంటే అదే బాగుంది.

*

బదనిక చిలుక బాగాలేదండీ, విలాసినే ఉంచేద్దాం. అన్నిటికీ మొక్క పేరే ఎందుకు, పాలపిట్టకు ఎవరు సూత్రం చెప్పారు?

*

సూత్రం వద్దంటే నాకూ ఇష్టమే. కానీ పిట్టల పేర్లు పొలంలో పనిచేసేవాళ్లు పెట్టారు, ఎవరూ కూర్చుని చర్చించలేదు. మనం ఇప్పుడు ఇక్కడ కూర్చుని పెడుతున్నాం, కనీసం వాడేవాడికి పనికొచ్చేలా ఉండాలిగా. అన్నట్టు మొదటి పోస్ట్ పెట్టినాయన్ని ఒకటి అడగడం మర్చిపోయాం. ఫోటోను పెద్దది చేసి చూడండి, వెనక రెక్కలో నిలువు నరాలను అడ్డంగా కోస్తూ ఒక నల్ల గీత ఏమన్నా ఉందా? మోనార్క్‌కు ఉండదు. వైస్రాయ్ అని దాన్ని పోలిన ఇంకోటి ఉంది, దానికి ఉంటుంది, సైజు కూడా కొంచెం చిన్నది.

*

మొదటి పోస్ట్ పెట్టినవాణ్ణి. పెద్దది చేసి చూశాను. గీత ఉంది. వంపుగా, స్పష్టంగా, వెనక రెక్కల మీద ఈ చివర నుంచి ఆ చివరకు. నేను అప్పటికే మా కోడలికి 'అమెరికా జిల్లేడు చిలుక' అని మెసేజ్ పెట్టేశాను, అది స్నేహితులకు కూడా చెప్పేసిందట. ఇప్పుడు గీత సంగతి చెబితే వెతికి చూసి, ఈ వైస్రాయ్ మిల్క్‌వీడ్ మీద కాదు, విల్లో చెట్ల మీద గుడ్లు పెడుతుందని తిరిగి నాకే చెప్పింది. "అయితే తెలుగులో దీని పేరేంటి మామయ్యా?" అని మళ్లీ మొదలుపెట్టింది. ఎవరైనా ఉన్నారా?