గ్లవ్స్ తీసేసి పెనాల్టీ ఆపిన రికార్డో: అసలు ఎంత మంచి గోల్‌కీపర్?

సండేలీగ్:
ఈ మధ్య యూరో 2004 (యూరప్ దేశాల కప్పు) మ్యాచ్‌లు మళ్లీ చూస్తున్నాను. లిస్బన్‌లో జరిగిన పోర్చుగల్–ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్ 2-2తో పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లింది. ఏడో కిక్‌కి ఇంగ్లండ్ ఆటగాడు వాసెల్ వస్తుంటే పోర్చుగల్ గోల్‌కీపర్ రికార్డో గ్లవ్స్ ఊడదీసేసి, ఉత్త చేతులతో ఆ బంతిని ఆపేశాడు. అక్కడితో ఊరుకున్నాడా, తర్వాతి కిక్ తనే కొట్టి గెలిపించాడు! ఇంత చేసినవాడి పేరు పోర్చుగల్ గొప్ప గోల్‌కీపర్ల మాట వచ్చినప్పుడు ఎందుకు వెనక్కి పోతుంది? ఎవర్ని అడిగినా బయీయా అంటారు, లేకపోతే రుయ్ పత్రీసియో. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతగోలీ:
నేనూ గోల్‌పోస్టుల మధ్య నిలబడే బాపతే కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా.

రికార్డో గాలివాటంగా పైకొచ్చినవాడు కాదు. 2000-01లో బోవిస్టా పోర్చుగల్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టు గోల్‌కీపర్ అతనే. బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ కాకుండా బయటి క్లబ్ లీగ్ గెలవడం అప్పటికి రెండోసారి మాత్రమే. మొదటిది 1946లో బెలెనెన్సెస్. 2003లో స్పోర్టింగ్‌కి వెళ్లాడు. దేశానికి మొత్తం 79 మ్యాచ్‌లు ఆడాడు.

ఇక నీ ప్రశ్నకి జవాబు. గోల్ లైన్ మీద అతను పులి. లైన్ వదిలి ముందుకు రావాల్సి వస్తేనే చిక్కు. అదే యూరో ఫైనల్ చూడు, 57వ నిమిషం. గ్రీస్‌కి కార్నర్. బసినాస్ వేసిన బంతి కోసం రికార్డో బయటికొచ్చాడు, అందలేదు. కరిస్టియాస్ తలతో గోల్ కొట్టాడు. 1-0, సొంతగడ్డ మీద కప్పు పోయింది. 2005 మే 14న లీగ్ తేలిపోయే మ్యాచ్‌లో, ఆఖరి నిమిషాల్లో, మళ్లీ గాల్లో వచ్చిన బంతే. రికార్డో పైకి లేచాడు, బెన్ఫికా డిఫెండర్ లుయిజావ్ అతనికంటే ముందు తల పెట్టి గోల్ కొట్టాడు. ఫౌల్ అని ఎంత మొత్తుకున్నా రిఫరీ వినలేదు. నాలుగు రోజులకే యూఎఫా కప్ ఫైనల్, అదీ స్పోర్టింగ్ సొంత స్టేడియంలో. 1-0 ఆధిక్యంలో ఉండి సీఎస్‌కేఏ మాస్కో చేతిలో 3-1తో ఓడారు. ఆ వారం ఏ గోల్‌కీపర్‌కీ రాకూడదు.

క్రాస్, అంటే పక్కనుంచి గోల్ ముందుకి గాల్లో వేసే బంతి, ఎందుకంత కష్టమంటే, పెనాల్టీలో నీకూ బంతికీ మధ్య ఎవడూ ఉండడు. ఆగితే హీరోవి, ఆగకపోతే నిన్ను అనేవాడు లేడు. కార్నర్‌లో అలా కాదు. బంతి ఎంత వంపు తిరుగుతుందో చూడాలి, మీద పడే పదిమందిని దాటుకుని రావాలి, వెళ్లాలా ఆగాలా అన్నది బంతి కాలు వదిలిన క్షణంలోనే తేల్చుకోవాలి. అర అడుగు తటపటాయించినా అయిపోయినట్టే. వెళ్లి అందుకోలేకపోవడం కంటే లైన్ మీదే ఉండిపోవడం నయం. రికార్డో ఎక్కువగా దెబ్బతిన్నది ఆ సగం దూరంలోనే.

డ్రాగన్99:
పాతగోలీ అన్నా, అసలు కడుపుమంట సంగతి వదిలేశావు. 2004 మే 26న పోర్టో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది, మొనాకో మీద 3-0. గోల్‌లో ఉన్నది విటోర్ బయీయా. ముందు ఏడాది యూఎఫా కప్పు, 1997లో బార్సిలోనాతో కప్ విన్నర్స్ కప్పు కూడా ఉన్నాయి అతనికి. సరిగ్గా రెండున్నర వారాల్లో యూరో మొదలైతే, పోర్చుగల్ కోచ్ స్కొలారి పిలిచింది రికార్డోని, కీమ్‌ని, మొరెయిరాని. మూడో గోల్‌కీపర్‌గా కూడా బయీయా పనికిరాలేదట! దేశానికి ఆడిన 80 మ్యాచ్‌ల దగ్గర అతని లెక్క ఆగిపోయింది. రికార్డో షూటౌట్ గెలిపించాడు కాబట్టి స్కొలారి బతికిపోయాడు గానీ, ఆ కార్నర్‌కి బయీయా ఉంటే ఏమయ్యేదో అని పోర్టో వాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. నేనూ వాదిస్తా.

సండేలీగ్:
బయీయా సంగతి ఒప్పుకుంటా. కానీ 2006 ప్రపంచకప్ మాటేంటి? అప్పుడు కూడా ఇంగ్లండే కదా. యూరో 2008లో జర్మనీ ఆటగాడు బల్లాక్ హెడర్ గోల్‌కి ముందు మన పోర్చుగల్ డిఫెండర్‌ని తోశాడు కదా, అది కూడా రికార్డో ఖాతాలోనేనా?

పాతగోలీ:
తోశాడు, నిజమే. పాలో ఫెరెయిరా వీపు మీద రెండు చేతులూ పెట్టాడు. అది ఫౌలే అంటాను. కానీ అదే మ్యాచ్‌లో క్లోజె గోల్ కూడా ష్వైన్‌స్టైగర్ ఫ్రీ కిక్‌కి హెడరే. 3-2తో ఇంటికి.

2006 మాత్రం అతన్నించి ఎవడూ లాక్కోలేడు. జూలై 1, గెల్సెన్‌కిర్చెన్, 120 నిమిషాలైనా గోల్ లేదు. లాంపార్డ్, జెరార్డ్, కారఘర్, ముగ్గురివీ ఆపాడు. ప్రపంచకప్ షూటౌట్‌లో మూడు ఆపినవాడు అంతకుముందు లేడు. ఇందులో కారఘర్‌ది వింత. విజిల్ ఊదకముందే కొట్టి గోల్ చేశాడు, రిఫరీ చెల్లదన్నాడు, రెండోసారి కొడితే రికార్డో ఆపేశాడు. నా దృష్టిలో గ్లవ్స్ తీసిన రోజు కంటే ఇదే గొప్ప. అక్కడ కొంత డ్రామా ఉంది, ఇక్కడ గ్లవ్స్ చేతులకే ఉన్నాయి.

కార్నర్‌ఫ్లాగ్:
తేదీ చూశారా? 2024లో అదే జూలై 1న, మళ్లీ జర్మనీలోనే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరో షూటౌట్‌లో పోర్చుగల్ గోల్‌కీపర్ డియోగో కోస్టా స్లొవేనియా కొట్టిన మూడు పెనాల్టీలూ ఆపాడు. ఒక్కటీ వదల్లేదు. అంతకుముందు ఎక్స్‌ట్రా టైమ్‌లో పోర్చుగల్ డిఫెండర్ పెపె జారితే, ఒంటరిగా దూసుకొచ్చిన స్లొవేనియా ఫార్వర్డ్ షెష్కో షాట్‌ని కాలితో ఆపాడు. నన్నడిగితే ఆ రాత్రి అన్నిటికంటే విలువైనది ఆ కాలే. షూటౌట్ దాకా తెచ్చింది అదేగా.

సండేలీగ్:
అది చూశాను, టెన్షన్‌తో సోఫాలో కూర్చోలేకపోయా. సరే, 2008 తర్వాత రికార్డో ఏమయ్యాడు?

పాతగోలీ:
స్పెయిన్‌లో రియల్ బెతిస్‌కి ఆడాడు. 2009లో ఆ క్లబ్ కింది డివిజన్‌కి పడిపోయింది. 2011 జనవరిలో ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో ఉన్న లెస్టర్ సిటీ అతన్ని తీసుకుంది. తీసుకున్న కోచ్ ఎవరో తెలుసా, స్వెన్-యోరన్ ఎరిక్సన్. 2004లోనూ 2006లోనూ రికార్డో ఇంటికి పంపిన ఇంగ్లండ్ జట్టుకి కోచ్ ఆయనే! తర్వాత సెతూబల్, ఓల్యానెన్స్ క్లబ్‌లకి ఆడి 2014లో మానేశాడు.