ఇసుకలో మోటారు కాలుతోంది: బ్రష్‌లెస్‌కు మార్చిన స్లాష్‌కు ఎన్ని పళ్ల పీనియన్ వేయాలి?

నాగావళి_కుర్రాడు (శ్రీకాకుళం):
నా బండి ట్రాక్సాస్ స్లాష్, రిమోట్‌తో నడిపే చిన్న ట్రక్కు, టూ వీల్ డ్రైవ్. దానితో వచ్చిన పన్నెండు చుట్ల బ్రష్డ్ మోటారును, ఎక్స్‌ఎల్-5 ఈఎస్సీని (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టెను) తీసివేసి, 3500 కేవీ (ఓల్టుకు నిమిషానికి 3500 భ్రమణాలు) బ్రష్‌లెస్ మోటారు, ఈఎస్సీ జతను అమర్చాను. 19 పళ్ల పీనియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) స్థానంలో 23 పళ్లది వేశాను. తారురోడ్డు మీద బాగానే పరుగెడుతోంది గానీ, నాగావళి ఇసుకలోకి దింపిన కాసేపటికే మోటారు మీద చెయ్యి ఆనడం లేదు. పీనియన్ మార్చాలా, ఫ్యాను పెట్టాలా? వెనక షాకులలో (కుదుపులు తట్టుకునే గొట్టాలలో) ఎంత చిక్కని నూనె పోయాలి? లోహపు గేర్ల సర్వో (ముందు చక్రాలను పక్కలకు తిప్పే మోటారు) తప్పనిసరా? విడిభాగాలు మన జిల్లాలో ఎక్కడైనా దొరుకుతాయా?

పలాస_జీడితోట:
మోటారు సంగతి తరువాత చూసుకోవచ్చు తమ్ముడూ, ముందుగా మెరుపు చూసి అల్యూమినియం ఆర్మ్స్ (చక్రాలను బండికి కలిపే చేతులు) మాత్రం కొనవద్దు. మా బావమరిది ఎంత చెప్పినా వినకుండా అవి బిగించుకుని, జీడితోటలో నరికిన చెట్టు మోడుకు బండిని గుద్దించాడు. ఆర్మ్‌కు గీత కూడా పడలేదు, దాన్ని పట్టుకుని ఉన్న బల్క్‌హెడ్ మాత్రం నిలువునా చీలింది. వంగవలసిన భాగం వంగకపోతే ఆ దెబ్బ లోపలికి పోతుంది. ఆర్‌పీఎం వారి నైలాన్ ఆర్మ్స్ వంగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి కనుక నేను వాటినే వాడుతున్నాను.

గంటస్తంభం_గ్యారేజి (విజయనగరం):
23 పళ్లలో ఏ దోషమూ లేదు. నా బండికీ అదే పీనియన్, పైగా త్రీ ఎస్ లైపో (మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ). అయోధ్య మైదానంలో బ్యాటరీ అయిపోయేదాకా తిప్పి, కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటరును వస్తువుల మోడ్‌లో పెట్టి చూస్తే 48 డిగ్రీలు మాత్రమే చూపింది. మీరు పీనియన్‌ను స్పర్ గేరుకు (పీనియన్ తిప్పే పెద్ద గేరుకు) మరీ బిగించి ఉంటారు. రెండింటి మధ్య నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి, మోటారు మరలు బిగించి, కాగితాన్ని తిప్పి బయటికి తీయండి. కాగితం చిరగకుండా మడతలు మాత్రమే పడితే సరిపోయినట్లు.

బొబ్బిలి_వైండింగ్:
వ్యవసాయ మోటార్లకు రాగితీగ చుట్టడం మా ఇంట్లో రెండు తరాలుగా ఉన్న వృత్తి కనుక వేడి విషయంలో మాట్లాడే అర్హత నాకుందని అనుకుంటున్నాను. 19 నుంచి 23కు పోతే, అదే నేల మీద మోటారు లాగే కరెంటు సుమారు 1.2 రెట్లవుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. గట్టి నేల మీద అసలు కరెంటే తక్కువ కనుక ఆ తేడా తెలియదు. ఏటి ఇసుకలో చక్రం దిగబడుతూ, ఇసుకను నెట్టుకుంటూ తిరుగుతుంది. అయోధ్య మైదానపు లెక్కను నాగావళికి అన్వయించడం న్యాయం కాదు గ్యారేజి గారూ.

గంటస్తంభం_గ్యారేజి:
నీళ్ల మోటార్లకు తీగ చుట్టిన అనుభవంతో బ్రష్‌లెస్ మోటార్లకు తీర్పులు చెప్పడం ఎందుకు మాస్టారూ? నేను నోటి లెక్కలు చెప్పలేదు, కొలిచి చెప్పాను.

రాజాం_ఫిజిక్స్:
ఆ కొలత మీదే నాకు అనుమానం. మెరిసే లోహం పరారుణ కిరణాలను తక్కువగా విడుదల చేస్తుంది కనుక, ఆ థర్మామీటరు అసలు వేడి కంటే బాగా తక్కువ చూపుతుంది. మోటారు డబ్బా మీద నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి, దాని మీద గురిపెట్టి చూడండి. డబ్బా పైభాగం 80 డిగ్రీల లోపు ఉంటే మంచిది. లోపలి తీగ, అయస్కాంతం అంతకన్నా వేడిగా ఉంటాయని మరచిపోకూడదు.

గంటస్తంభం_గ్యారేజి:
టేపు అంటించి చూశాను, 79 చూపింది. ఎండకు టేపు వేడెక్కిందేమో ఎవరికి తెలుసు!

బొబ్బిలి_వైండింగ్:
ఎండకు టేపు వేడెక్కితే, దాని పక్కనే ఉన్న డబ్బా చలికి వణుకుతోందా?

కళింగపట్నం_అల:
మీ గొడవ మీరు పడండి గానీ, ఇసుక అనగానే ఎవరూ ఉప్పు సంగతి ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. వంశధార సముద్రంలో కలిసే చోట తడి ఇసుక గట్టిగా, చదునుగా ఉండి బండికి చాలా హాయిగా ఉంటుంది. కానీ ఇంటికి వచ్చాక మంచినీళ్లతో తుడిచి, గాలి కొట్టి, చక్రాలలోని 5×11×4 బేరింగులను తీసి నూనె వేయకపోతే, మరునాటికే అవి తుప్పు రంగు తేలి గరగరలాడతాయి. అట్టపెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నది ఎలక్ట్రానిక్స్‌కు మాత్రమే, బేరింగులకు కాదు.

చీపురుపల్లి_లైపో:
వేడి గురించి మాట్లాడుతూ బ్యాటరీని వదిలేశారు. ఒక దుకాణం వాడు నాకు 5000 ఎంఏహెచ్, 100 సీ అని చీటీ అంటించిన లైపోను అంటగట్టాడు. సీ అంటే సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె; ఆ లెక్కన అది 500 ఆంపియర్లు ఇవ్వాలి. దానికి అతికించిన తీగలు చూస్తే అందులో సగమైనా మోసేలా లేవు! గట్టిగా యాక్సిలరేటర్ నొక్కగానే ఓల్టేజి పడిపోయి ఈఎస్సీ ఆగిపోయేది, కొన్నాళ్లకు ప్యాకు ఉబ్బింది. ఒక్కో సెల్లు 3.2 ఓల్టులకు దిగగానే ఈఎస్సీ ఆగేలా పెట్టుకుని, వాడని రోజుల్లో 3.8 ఓల్టుల వద్ద దాచండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి.

నాగావళి_కుర్రాడు:
పెద్దలందరికీ ధన్యవాదాలు. 17 పళ్ల పీనియన్ వేసి, మోటారును ముందుకు జరిపి, కాగితం పెట్టి బిగించాను. వేగం కొంత తగ్గింది, కానీ ఇసుకలో తిప్పాక టేపు మీద కొలిస్తే 66 డిగ్రీలు వచ్చింది. ఇక షాకుల నూనె, సర్వో, విడిభాగాల గురించి ఎవరూ చెప్పలేదు.

పలాస_జీడితోట:
బండితో వచ్చే నూనె 30 వెయిట్ (అంకె పెరిగేకొద్దీ నూనె చిక్కన). మన వేసవిలో నూనె పలచబడుతుంది కనుక నేను వెనక 40 వేసుకున్నాను. గెంతి దిగినప్పుడు ఛాసిస్ నేలకు కొట్టుకుంటుంటేనే ఇంకా చిక్కనిది వేయండి. సర్వో అయితే, సేవర్ స్ప్రింగు (దెబ్బ తగిలినప్పుడు సర్వోను కాపాడేది) మెత్తగా ఉన్నంతకాలం ప్లాస్టిక్ గేర్లయినా నిలుస్తాయి.

గంటస్తంభం_గ్యారేజి:
17 పళ్లతో ఇసుకలో నడిపే బండికి 3500 కేవీ మోటారు ఎందుకో! వచ్చే ఆదివారం మైదానానికి తీసుకురండి, నా 23తో పక్కపక్కన నడిపి చూద్దాం.

బొబ్బిలి_వైండింగ్:
మైదానంలో కాదు, ఏటిలో పెట్టండి. టేపు నేనే తెస్తాను.