‘తోయల్మదిమ్’: ‘తనివి తీరలేదు’ అనవచ్చా?

మిత్రులకు నమస్కారం. 2016లో స్టాక్‌హోమ్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఉక్రెయిన్ తరఫున జమాలా పాడి, 534 పాయింట్లతో గెలిచిన ‘1944’ పాట మీలో కొందరు వినే ఉంటారు. చరణాలు ఆంగ్లంలో ఉన్నాయి, పల్లవి మాత్రం నల్ల సముద్రపు ద్వీపకల్పం క్రిమియాలోని మూలవాసులైన క్రిమియా తాతారుల భాషలో, టర్కీ భాషకు చుట్టమైన భాషలో. ఆ పోటీలో ఆ భాష వినిపించడం అదే మొదటిసారి. పల్లవి రెండే పాదాలు:

యష్లిగిమా తోయల్మదిమ్
మెన్ బు యెర్దే యషల్మదిమ్

‘నువ్వు నా శాంతిని లాక్కున్నావు కనుక నా యవ్వనాన్ని అక్కడ గడపలేకపోయాను’ అనే అర్థం వచ్చే ఆంగ్ల అనువాదమే ఎక్కువగా చలామణిలో ఉంది. మూలంలో ‘నువ్వు’ లేదు, ‘శాంతి’ లేదు, ‘కనుక’ కూడా లేదు. రెండు క్రియలూ ఉత్తమ పురుషలోనే ఉన్నాయి. ఎవరినీ వేలెత్తి చూపకుండా తన కొరతను మాత్రమే చెప్పుకుంటున్న గొంతు అది. దాని బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

‘తోయ్’ అంటే కడుపు నిండడం, తనివి తీరడం. దానికి ‘అల్’ చేరితే చేయగలగడం, ‘మ’ వ్యతిరేకార్థం, ‘ది’ భూతకాలం, చివరి ‘మ్’ నేను. మన ‘బతకలేకపోయాను’ను విడదీసి చూడండి, దాదాపు ఇదే వరుస. ఆ ‘అల్’ మొదట ‘తీసుకొను’ అనే క్రియ. మన ‘కొను’ కూడా అలాగే తీసుకోవడం నుంచి సహాయక క్రియగా మారింది కదా! చుట్టరికం ఉందని అనడం లేదు, రెండు భాషల నడక అలా కలిసింది.

‘యష్’ అంటే వయసు. యవ్వనమూ, బతకడమూ రెండూ ఆ మాట నుంచే పుట్టాయి. తెలుగులోనూ ‘వయసులో ఉన్నాడు’ అంటే యవ్వనంలో ఉన్నాడనే కదా. అందుకే ఇలా రాసుకున్నాను:

నా వయసు నాకు తనివి తీరలేదు
ఈ నేల మీద బతకలేకపోయాను

‘బు యెర్దే’ అంటే ‘ఈ నేల మీద’. ‘అక్కడ’ అనడం పెద్ద పొరపాటు. ఈ పాదాలు క్రిమియా తాతారుల జానపద గీతం నుంచి వచ్చాయి. అందులో క్రిమియా తీరపట్టణం అలూష్తా నుంచి వీచే గాలి ముఖానికి తగులుతుంది, పెరిగిన ఇంటి మీద కన్నీరు పడుతుంది. మనిషి ఆ నేల మీదే నిలబడి ఉన్నాడు.

ఒక సభ్యురాలి జవాబు:

మాస్టారూ, మొదటి పాదం చాలా బాగుంది. రెండోది మాత్రం ‘బతుకుతెరువు దొరకలేదు’ అన్నట్టు వినిపిస్తోంది. ‘ఈ నేల మీద బతకడానికి నోచుకోలేదు’ అంటే ఎలా ఉంటుంది?

నా సమాధానం:

అమ్మా, మీరు చెప్పిన దోషం నిజమే. ‘నోచుకోలేదు’ నాకూ తట్టింది, చెవికి ఎంతో ఇంపుగా ఉంది. కానీ ఆ మాటలో నోము ఉంది, పూర్వజన్మ ఉంది. 1944 మే 18న స్టాలిన్ ప్రభుత్వ ఆదేశంతో మొదలై, మూడు రోజుల్లో దాదాపు 1,90,000 మంది క్రిమియా తాతారులను సరుకు రవాణా రైలు పెట్టెల్లో కుక్కి ఎక్కువగా మధ్య ఆసియాకు తరలించారు. జమాలా ముత్తవ్వ తన అయిదుగురు పిల్లలతో ఆ రైలెక్కింది. దారిలో ఒక కూతురు చనిపోయింది. అది ఆమె నోచుకోకపోవడం కాదు. పల్లవి ఎవరినీ నిందించలేదు నిజమే, కానీ ఆ నేరాన్ని విధి మీదికి తోసే మాటను అనువాదకుడిగా నేను వాడలేను.

‘ఉండనివ్వలేదు’ అంటే ఆంగ్లంలో చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. మీ మాట విన్నాక ‘బతకలేకపోయాను’ తీసేసి ఇలా మార్చాను:

నా వయసు నాకు తనివి తీరలేదు
ఈ నేల మీద నేను ఉండలేకపోయాను

మూలంలో ‘మెన్’, అంటే ‘నేను’, విడిగా పలికారు. మొదటిసారి దాన్ని వదిలేశాను. వయసుకూ బతుకుకూ ఉన్న శబ్దబంధం మాత్రం ఇక్కడ తెగిపోయింది. దాన్ని నిలిపే మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.