ఆరు తీగలు, ఒక టెండరు: వైండింగ్ తీగ మంచిదా, తొడుగు వైరు మంచిదా?

బొర్రా సొరంగం

అందరికీ నమస్కారం. సీతమ్మధారలో మా మేడమీది గదిలో రెండేళ్ళుగా చిన్న రైలుదారి ఒకటి కడుతున్నాను. ఎన్ స్కేలు, అంటే 1:160 నిష్పత్తి, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. కొత్తవలస దాటాక కొండెక్కే మన కేకే (కొత్తవలస-కిరండూల్) లైనుకు నమూనా. దాని మీద ఆవిరి ఇంజను ఏమిటని మాత్రం అడగకండి, అది నా చిన్ననాటి ముచ్చట.

ఆ ఇంజనుతోనే ఇప్పుడు చిక్కు. డీకోడరు, అంటే ఆజ్ఞలు అందుకుని మోటారును, దీపాన్ని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, ఇంజనులో పట్టక వెనక తగిలించే బొగ్గుబండిలో, అంటే టెండరులో పెట్టాను. రెండింటి మధ్య ఆరు తీగలు దాటాలి: పట్టాల కరెంటుకు రెండు, మోటారుకు రెండు, ముందుదీపానికి రెండు. ఒక అమెరికన్ సూచనలో 36 గేజి (తీగ లావు చెప్పే నంబరు) ఎనామిల్ రాగితీగ వాడమని ఉంది. మా వీధి చివర మోటార్లు చుట్టే షాపులో 36 నంబరు అడిగితే చిన్న చుట్ట తూచి ఇచ్చారు. ఆరింటినీ పురిపెట్టి, టంకం వేసి, నడిపాను.

మొదటి రోజు నుంచే వంపులో టెండరు పట్టా తప్పుతోంది. పన్నెండో రోజున సన్నటి పొగ, కాలిన వాసన, డీకోడరు చనిపోయింది. విప్పి చూస్తే మోటారుకు వెళ్ళే తీగ ఒకటి ఛాసిస్ (ఇంజను చట్రం) అంచుకు రాసుకుని మెరుస్తోంది, పూత పోయింది. కదిలే ఇంజనులో ఎనామిల్ తీగ వాడటమే నేరం అంటాడు ఒక స్నేహితుడు. నేరం తీగది కాదు, నీ చేతిది అంటాడు ఇంకొకాయన. కొత్త డీకోడరు కొనే ముందు ఈ తగవు తేల్చండి.

ఎంవీపీ మేడ

తేల్చడానికి ఏముంది, మీ మొదటి స్నేహితుడిదే రైటు. ఎనామిల్ అంటే పూత, తొడుగు కాదు. దాని మందం మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే రెండు మూడు వందో వంతులు. ఇంజను ఛాసిస్ పోతపోసిన లోహం, దాని అంచు బ్లేడులా ఉంటుంది. ఎన్నో నమూనాల్లో ఆ ఛాసిస్ ఒక పట్టాతో నేరుగా కలిసి ఉంటుంది. మోటారు తీగ దాన్ని తాకిందంటే పట్టాల మీది కరెంటు తిన్నగా డీకోడరు నోట్లోకి పోతుంది. డీకోడరు చావుల్లో సగం ఇలాంటివే అని నా అనుభవం. నేను సర్క్యూట్ బోర్డులు బాగుచేసే పనిలో ఉన్నాను, చనిపోయినవి నా బల్ల మీదికే వస్తాయి.

సిలికాన్ తొడుగున్న మెత్తటి వైరు తెప్పించుకోండి, అమెరికన్ లెక్కలో 30 గేజి. లోపల 0.08 మిల్లీమీటరు పోగులు పదకొండు ఉంటాయి. సోల్డరింగ్ ఐరన్ తగిలినా తొడుగు కరగదు. రంగులు కూడా దొరుకుతాయి: పట్టాలకు ఎరుపు, నలుపు; మోటారుకు నారింజ, బూడిద; ముందుదీపానికి తెలుపు, నీలం. చాలా డీకోడర్లకు అదే ఒప్పందం. మీ ఆరు రాగితీగల్లో ఏది ఏదో పురిపెట్టాక మీకైనా తెలుసా?

ఇంకొక మాట, మనది సముద్రపు ఊరు. మా ఇంట్లో కిటికీ ఊచలు ఏడాదికి రెండుసార్లు రంగు వేసినా తుప్పు పడతాయి. పూత లేచిన చోట రాగికి చిలుము పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. సిలికాన్ వైరులో పోగులకు సాధారణంగా తగరపు పూత ఉంటుంది.

మర్రిపాలెం వైండింగ్

అమ్మా, ఉప్పుగాలి పేరు చెప్పి ఎనామిల్ తీగను తిట్టకు. బీచ్ రోడ్డు నుంచి గాజువాక దాకా ప్రతి ఇంట్లో తిరిగే ఫ్యాను లోపల ఉన్నది ఏ తీగ? ఇరవై ఏళ్ళు తిరిగిన ఫ్యాన్లను విప్పాను నేను. బేరింగులు అరిగి ఉంటాయి, రెక్కలు తుప్పు పట్టి ఉంటాయి, చుట్టు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టిన చేతులమ్మా ఇవి.

బొర్రా తమ్ముడూ, నీ తప్పు రెండు చోట్ల ఉంది. అంచును ఆకురాయితో నున్నగా చేయలేదు, తీగ దాటే చోట చిన్న గొట్టం తొడగలేదు. మేము మోటారులో కదలని భాగమైన స్టేటరు గాడిలో కాగితం పరవకుండా తీగ వేస్తామా? నువ్వు వేశావు. కాలింది. ఇక రంగులంటావా, మల్టీమీటరు పెట్టి ఒక్కొక్క కొసా చూసుకుని దారం ముడులు వేసుకో. ఒక ముడి, రెండు ముడులు, మూడు ముడులు. ఫ్యాను లీడ్లు ఏవి ఏవో మేము ఓములు చూసే కనిపెడతాము, రంగు చూసి కాదు.

సిలికాన్ వైరు లావెంతో చెప్పమ్మా. తొడుగుతో కలిపి 1.2 మిల్లీమీటర్లు. ఆరు వైర్లు పక్కపక్కన పెడితే ఏడు మిల్లీమీటర్ల పైన. పట్టాల మధ్య ఉన్నదే తొమ్మిది. టెండరుకు ఇంజనును తగిలిస్తున్నామా, వైర్ల కట్టకు రైలును తగిలిస్తున్నామా?

ఎంవీపీ మేడ

బాబాయ్ గారూ, ఫ్యానులో తీగ కదలదు. కట్టేసి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఉంటుంది. ఫ్యాను తిరిగినా తీగ తీగ పక్కనే ఉంటుంది, ఒకదానితో ఒకటి రాసుకోవు. ఈయన టెండరు ప్రతి వంపులో ఇటు తిరిగి అటు తిరుగుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

లావు విషయం ఒప్పుకుంటాను. ఆరూ సిలికానే వేయమనడం నా తొందరపాటు. వైరు చుట్టే పనికి వాడే సన్నటి రకం ఉంది, రాగికి వెండి పూత, పైన పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ తొడుగు, మొత్తం అర మిల్లీమీటరు. అయితే అది ఒంటి పోగు. ఇంజను లోపల కదలని చోట దివ్యంగా ఉంటుంది, మధ్య దాటింపుకు మాత్రం అది కూడా బిరుసే.

లెక్కల మాస్టారు

ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు గానీ అసలు ఆ తీగ ఎంత లావో ఎవరూ అడగలేదు. బొర్రా గారూ, మీరు చదివిన 36 అమెరికన్ కొలత. దాని వ్యాసం 0.127 మిల్లీమీటర్లు. మన వైండింగ్ షాపుల్లో ఇప్పటికీ నడిచేది బ్రిటిష్ వారి లెక్క, అందులో 36 అంటే 0.193. షాపు ఆయన మోసం చేయలేదు, మీరు అడిగినదే ఇచ్చాడు. అంకె ఒకటే, కొలబద్దలు రెండు. అమెరికన్ 36 కావాలంటే మన షాపులో 40 నంబరు అడగాలి, అది 0.122.

ఇంతేనా అనుకోకండి. గుండ్రటి తీగ బిరుసు దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 0.193ను 0.127తో భాగించి నాలుగో ఘాతం చేయండి, ఐదు రెట్లు దాటుతుంది. సూచన రాసినాయన ఊహించిన దానికంటే ఐదు రెట్లకు పైగా బిరుసైన తీగలు ఆరింటిని మీరు పురిపెట్టి స్ప్రింగు చేసి, ఈకంత బరువు లేని టెండరు వీపుకు తగిలించారు. పట్టా తప్పక ఏం చేస్తుంది?

ఎంవీపీ గారు చెప్పిన పదకొండు పోగుల వైరును కూడా లెక్క వేశాను. తొడుగు సంగతి పక్కన పెడితే, అందులో రాగి మీ 36 నంబరు తీగ కంటే దాదాపు రెట్టింపు, బిరుసు మూడో వంతు. పోగులు ఎక్కువైతే మెత్తదనం వస్తుందని అందరికీ తెలుసు, ఎంత వస్తుందో అంకెల్లో చూస్తే మాత్రం నాకు ఎప్పుడూ ముచ్చటే.

కరెంటు చాలదేమోనన్న భయం మాత్రం ఎవరికీ వద్దు. 40 నంబరు తీగ పది సెంటీమీటర్ల ముక్క నిరోధం సుమారు 0.15 ఓము. ఇంత చిన్న మోటారు 0.3 ఆంపియర్లు తీసుకున్నా అందులో పోయేది 0.045 వోల్టు. పన్నెండు వోల్టుల ముందు అదెంత?

మర్రిపాలెం వైండింగ్

మాస్టారు చెప్పింది నిజం. 36 ఫ్యాన్లకు వాడే తీగ. తమ్ముడు రైలుబొమ్మకని షాపులో చెప్పి ఉండడు, చెప్పి ఉంటే వాళ్ళే సన్నది ఇచ్చేవాళ్ళు. అడిగే మనిషి పని చెప్పకుండా నంబరు చెబితే వచ్చే ముప్పు ఇదే.

ఇంకొకటి అడగాలి. టంకానికి ముందు పూత ఎలా తీశావు? మోటారు తీగల మీది పూత వేడికి ఓర్చుకునేది, బ్లేడుతో గీకాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు వాడే పాలియురెథేన్ పూత అయితే 380 డిగ్రీల దగ్గర టంకంలోనే కరిగిపోతుంది, గీకక్కరలేదు. సన్నతీగను గీకితే బ్లేడు రాగిలోకి దిగుతుంది, తెగేది అక్కడే. నలభై నంబరు కొనేటప్పుడు టంకం పట్టే పూత కావాలని అడుగు. ఆ పొగ పీల్చకు, మంచిది కాదు. కిటికీ తెరిచి కూర్చో, అమ్మాయి అన్న ఉప్పుగాలి కాసేపు వస్తే రానీ.

తొమ్మిది మిల్లీ

ఆలస్యంగా వచ్చాను, ఒక్క ప్రశ్న. మర్రిపాలెం అన్నా, మీరు రేడియో స్పీకర్లు కూడా విప్పే ఉంటారు. అట్ట మధ్యలో ఉన్న కాయిల్ ఎనామిల్ తీగదే. ఆ కాయిల్ నుంచి ఫ్రేముకు వచ్చే చోట మాత్రం ఎనామిల్ తీగ ఉండదు, అల్లిన మెత్తటి తీగ వేలాడుతూ ఉంటుంది. ఎందుకు?

మర్రిపాలెం వైండింగ్

ఎందుకంటే అట్ట ఊగుతుంది. ఒంటి తీగ వేస్తే వారంలో తెగుతుంది. నన్ను ఎక్కడికి తీసుకెళ్తున్నావో అర్థమైంది తమ్ముడూ.

తొమ్మిది మిల్లీ

అంతే అన్నా. నా మూడు ఇంజన్లలో కదలని చోట అంతా మీ తీగే ఉంది, టంకం పట్టే రకం, పైన బొట్టు వార్నిష్. కదిలే చోట పాత ఇయర్‌ఫోను తీగ కోసి వేశాను. అందులో వెంట్రుకల్లాంటి రాగిపోగులు నూలుపోగులతో కలిసి ఉంటాయి, పోగుపోగుకూ రంగుపూత ఉంటుంది. ఎంత వంచినా వంగుతుంది, జేబులో నలిగి నలిగి బతకడానికే పుట్టింది. బయటి రబ్బరు తొడుగు ఒలిచేస్తే సన్నగా ఉంటుంది. టంకానికి మాత్రం ఓర్పు కావాలి. కొనకు టంకం పట్టించే ఫ్లక్స్ రాసి, ఐరన్ మీద పెద్ద టంకం బొట్టు నిలిపి, అందులో ముంచి ఉంచితే పూత పోతుంది, నూలు మాడిపోతుంది. రేకులు అతికే ఆమ్లపు పేస్టు మాత్రం వద్దు, ఎంవీపీ గారు అన్న చిలుము నిజంగా వచ్చేది దానితోనే.

మొదటి ఇంజనుకు మూడుసార్లు కోసి మళ్ళీ వేశాను, అది వేరే కథ.

మర్రిపాలెం వైండింగ్

ఇయర్‌ఫోను తీగ మీద ఉన్నదీ ఎనామిల్ పూతే కదా? అయితే గెలిచింది నేనే.

ఎంవీపీ మేడ

బాబాయ్ గారూ, పూత మీది, పోగులు నావి. చెరి సగం. ఛాసిస్ అంచు దగ్గర గొట్టం తొడగడం మాత్రం ఎవరు గెలిచినా తప్పదు. పోగుల మీది పూత ఇంకా పల్చన, ఆ అంచుకు రాసుకుంటే పన్నెండు రోజులు కూడా ఆగదు.

లెక్కల మాస్టారు

నా ఓటు ఇంకా 40 నంబరుకే. పురిపెట్టకుండా, ఒక్కొక్క తీగను విడిగా, రెండు సెంటీమీటర్ల వదులు వంకీతో వేస్తే ఒంటి తీగ కూడా చాలా కాలం ఉంటుంది. వంపు ఎంత పెద్దదైతే తీగకు అలసట అంత తక్కువ. అందరూ తీగను మారుస్తున్నారు, దాని పొడవును ఎవరూ మార్చడం లేదు.

తొమ్మిది మిల్లీ

మాస్టారూ, రెండు సెంటీమీటర్ల వంకీ ఎన్ స్కేలు టెండరు కింద వేలాడితే పట్టాలు చీలే చోట కదిలే పాయింటు బ్లేడుకు తగులుకుంటుంది. మీరు పెద్ద స్కేలు వాళ్ళు, మా కష్టాలు మీకు తెలియవు.

లెక్కల మాస్టారు

అది ఒప్పుకుంటున్నాను. మా 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద చోటు ఎక్కువ.

బొర్రా సొరంగం

మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి క్షమించండి. మళ్ళీ షాపుకు వెళ్ళి ఈసారి పని చెప్పి అడిగాను. నలభై నంబరు, టంకం పట్టే రకం, బొంగరానికి చుట్టేంత ఇచ్చి డబ్బు కూడా తీసుకోలేదు. ఇంజను లోపల అది వేశాను. దాటింపుకు మా అబ్బాయి పాత ఇయర్‌ఫోను బలి అయింది. అంచును ఆకురాయితో గీకి, సన్నగొట్టం తొడిగాను. కొత్త డీకోడరు పెట్టి, 249 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో ఇరవై చుట్లు తిప్పాను, టెండరు ఒక్కసారీ దిగలేదు.

ఒకటే చిక్కు. ముందుకు పొమ్మంటే వెనక్కి పోతోంది. ఇయర్‌ఫోనులో ఉన్నవి మూడే రంగులు, నాకు కావలసినవి ఆరు.

మర్రిపాలెం వైండింగ్

దారం ముడులు వేయమన్నాను కదా తమ్ముడూ. మోటారు తీగలు రెండూ తారుమారయ్యాయి.

తొమ్మిది మిల్లీ

విప్పక్కరలేదు అన్నా. డీకోడరులో సీవీ 29 అని ఒక సెట్టింగు ఉంటుంది. దాని మొదటి బిట్ మారిస్తే దిశ తిరగబడుతుంది. అర నిమిషం పని.

బొర్రా సొరంగం

మార్చాను. ఇప్పుడు ముందుకే పోతోంది. కానీ ముందుదీపం వెనక్కి వెళ్ళేటప్పుడు మాత్రమే వెలుగుతోంది.

ఎంవీపీ మేడ

వెలుగుతుంది మరి. ఆ సెట్టింగు మోటారుతో పాటు దీపాలను కూడా తిప్పేస్తుంది. సెట్టింగు పాతదే పెట్టి, నారింజ, బూడిద తీగలు రెండూ మార్చి టంకం వేయండి.

బొర్రా సొరంగం

వాటిలో నారింజ ఏదో తెలిస్తే ఇంకేం. ఆదివారం మళ్ళీ విప్పుతాను. మర్రిపాలెం అన్నగారూ, దారం ఏ నంబరుది వాడమంటారు?